జూన్ ముప్పై ఒకటి

ఆయన పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను మొదట అడిగిన మాట, "ఏ వారం?" అని. ఎలా పోయారు, చివర్లో బాధపడ్డారా అని అడగాల్సింది. అవతల మా పాత ఫ్యాక్టరీ గేటు దగ్గర సెక్యూరిటీగా పనిచేసిన రంగప్ప. అతనికి నా ప్రశ్న వింతగా తోచలేదు. "మంగళవారమమ్మా, మొన్న. నిన్న మట్టి చేసినారు" అన్నాడు. ఆయన దగ్గర పనిచేసినవాళ్ళం అందరం ఇలాగే తయారయ్యాం. శుభలేఖ చేతికొస్తే పిల్ల ఎవరు, పిల్లాడు ఎవరు అని చూడం. తేదీ పక్కన వారం సరిగ్గా వేశారా లేదా అని చూస్తాం.

ఆయన పేరు ఇక్కడ రాయను. వర్తూరులో ఒక ముసలావిడ ఉంది. ఆవిడకు చదువు రాదు గానీ, ఎవరైనా ఇది చదివి వినిపిస్తారేమోనని నా భయం.

తొంభై ఏడులో నేను నెల్లూరు నుంచి కంప్యూటర్ డిప్లొమా పట్టుకుని బెంగళూరు వచ్చి, బొమ్మసంద్రలో పంపుల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో చేరాను. కంప్యూటర్లు వస్తున్నాయని నన్ను తీసుకున్నారు. రెండేళ్ళ దాకా అవి రాలేదు. ఆ రెండేళ్ళూ గేటు పక్కనున్న టైమాఫీసులో, ఆయన బల్లకు ఎదురుగా కూర్చుని హాజరు పుస్తకంలో గీతలు గీశాను. ఆయన టైమ్‌కీపరు. అప్పటికి యాభై అయిదు దాటిన మనిషి. సన్నగా, పొడుగ్గా, తెల్లచొక్కా మెడ దాకా గుండీలు పెట్టుకుని ఉండేవారు.

కొత్తవాళ్ళెవరొచ్చినా ఆయన అడిగేది ఒకటే. ఊరు అడగరు, కులం అడగరు, జీతం అడగరు. "ఎప్పుడు పుట్టినావమ్మా?" అన్నారు నన్ను కూడా. పదిహేడు ఆగస్టు డెబ్భై నాలుగు అన్నాను. ఎడమచేతి పిడికిలి బిగించి, కుడిచేతి వేలితో కణుపుల మీద టకటకా నాలుగుసార్లు కొట్టి, "శనివారం" అన్నారు.

నాకు చిర్రెత్తింది. నేను శుక్రవారం పుట్టానని, ఇంటికి లక్ష్మి వచ్చిందని మా అమ్మ నా చిన్నప్పటి నుంచీ వీధి వీధంతా చెప్పుకుంది. ఆ ముక్క గట్టిగానే అన్నాను. ఆయనకు కోపం రాలేదు. ఎన్ని గంటలకు పుట్టావని అడిగారు. తెల్లవారుజామున మూడింటికని చెప్పాను. ఆ మాట వినగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"అయితే సరిపోయింది తల్లీ. మీ అమ్మకి దినం పొద్దుతో పుడతాది. కాయితానికి నడిరేయి పుడతాది. ఇద్దరూ చూసిందే చెప్పినారు. రెండిట్లో ఏది రాసినా అబద్ధం కాదు" అన్నారు.

రెండిట్లో ఏది రాసినా అబద్ధం కాదు అన్నంత తేలిగ్గా ఆయన ఇంకెప్పుడూ మాట్లాడగా నేను వినలేదు. రాత విషయంలో ఆయన అంత మొండిమనిషిని చూడలేదు. తాను చూడనిది పుస్తకంలో రాసేవారు కాదు. బస్సు దిగి గేటు వైపు నడిచొస్తున్న మనిషి కిటికీలోంచి కనిపిస్తున్నా సరే, గేటు దాటితే గానీ హాజరైనట్టు పి అక్షరం పడేది కాదు. ఒకసారి నా స్నేహితురాలు ఆలస్యమవుతుందని చెప్పిపంపితే, వస్తుంది కదా అని నేనే ఆమె గడిలో పి పెట్టేశాను. ఆయన నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఆ గడి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, ఆమె వచ్చేదాకా నలభై నిమిషాలు కాఫీ కూడా తాగకుండా గేటు వైపే చూస్తూ కూర్చున్నారు. ఆమె వచ్చాక సున్నా చెరిపేసి కాఫీ తెప్పించుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది.

ఇక వారం సంగతి. మా ఫ్యాక్టరీకి బుధవారం సెలవు. ఆ పేటలో అందరూ ఒకేరోజు కరెంటు వాడకుండా ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కో రోజు సెలవుగా పంచారు. కాబట్టి మాకు వారం గురువారం మొదలై మంగళవారంతో ముగిసేది. హాజరు పుస్తకంలో మొదటి గడి గురువారమే. మేనేజర్లకేమో సోమవారం మొదలు. ఆయనకు మాత్రం ఆదివారం. ఆయన క్రైస్తవులు. ఆదివారం తెల్లవారుజామున చర్చిలో మొదటి ఆరాధన చూసుకుని, తలకు నూనె రాసుకుని, నేరుగా డ్యూటీకి వచ్చేవారు. ఆదివారమే మొదటి దినమని, మిగిలినవన్నీ మనుషులు చేసుకున్న సర్దుబాట్లని ఆయన నమ్మకం. "మన ఫ్యాక్టరీని మటుకు కరెంటోళ్ళు సృష్టించినారు, ఏం జేస్తాం" అని నవ్వేవారు.

కొత్త సంవత్సరానికి సప్లయర్లు క్యాలెండర్లు పంపేవారు. వాటిలో కొన్ని సోమవారంతో మొదలయ్యేవి. ఆయన భోజనం అయ్యాక బ్లేడు, జిగురు సీసా ముందేసుకుని, చివర ఉన్న ఆదివారాల నిలువు వరుసను కోసి తెచ్చి ముందు అతికించేవారు. అదేం పెద్ద పని అని ఒకసారి నేనూ కూర్చున్నాను. కోసిన వరుసను ఎక్కడిదక్కడే ముందు పెట్టేశాను. నెలంతా తప్పయిపోయింది. ముందుకు తెచ్చినప్పుడు ఒక గడి కిందికి దించాలట. లేకపోతే ఏడో తేదీ ఆదివారం వెళ్ళి ఒకటో తేదీ సోమవారానికి ముందు కూర్చుంటుంది. ఆయన ఆ కాగితం ముక్కను నీళ్ళతో తడిపి, ఊడదీసి, ఒక గడి దించి మళ్ళీ అతికించారు. పన్నెండు నెలలకూ పన్నెండుసార్లు ఇలా చేసేవారు. మాకు నవ్వొచ్చేది.

జూన్ ఒకటో తేదీ వచ్చిందంటే టైమాఫీసులో పండగ. మా కార్మికుల్లో సగానికి సగం మంది రికార్డులో జూన్ ఒకటిన పుట్టినవాళ్ళే. బడిలో వేసేటప్పుడు పుట్టినరోజు తెలియకపోతే, బడి తెరిచే నెల గనక హెడ్మాస్టరు జూన్ ఒకటి వేసేసేవాడు. ఆ రోజు ఆయన గేటు దగ్గర నిలబడి వచ్చినవాడికల్లా చేయి కలిపి శుభాకాంక్షలు చెప్పేవారు. వాళ్ళు పగలబడి నవ్వేవారు. "నవ్వద్దండప్పా. కాయితంలో ఉండాది కదా" అనేవారు ఆయన, పైకి గంభీరంగా.

మీరెప్పుడు పుట్టారు సార్ అని నేను ఒక్కసారి అడిగాను. "నాది దూరమమ్మా" అని పుస్తకం తిప్పుకున్నారు. పెద్దవాళ్ళకు వయసు చెప్పడం ఇష్టముండదేమో అనుకుని ఊరుకున్నాను.

తొంభై తొమ్మిదిలో కంప్యూటర్లు వచ్చాయి. రెండువేల సంవత్సరం వస్తే పాత మిషన్లు తేదీలు మరిచిపోతాయని దేశమంతా హడావుడిగా ఉన్న రోజులవి. అందరి వివరాలూ కొత్త ప్రోగ్రాములో ఎక్కించే పని నాది. పాత సర్వీసు పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచి కొట్టుకుంటూ పోతున్నాను. ఆయన పుస్తకం వచ్చింది. పుట్టిన తేదీ కొట్టాను. మిషను కీచుమని అరిచి, తప్పు తేదీ అంది. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అరిచింది. అప్పుడు కళ్ళు పెట్టి చూశాను.

31-6-1942.

మొదట నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. నెలల పొట్టీ పొడుగూ కణుపుల మీద కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి. జూన్‌కు ముప్పయ్యే రోజులని నాలాంటిదానికి కూడా తెలుసు. ఆయన చేతిరాతతో, ముత్యాల్లాంటి అంకెలతో, ముప్పై ఏళ్ళుగా ఏటా రాస్తూ వచ్చిన పుస్తకంలో జూన్ ముప్పై ఒకటి. ఫైల్లో పదకొండో తరగతి సర్టిఫికెట్టు నకలు తీసి చూశాను. అందులోనూ అదే. పక్కన అక్షరాల్లో కూడా ఉంది.

అడగాల్సింది. ఎదురుగానే కూర్చుని ఉన్నారు. అడగలేదు. పెద్దాయన పరువు పోతుందని, నేనే కాపాడుతున్నానని అనుకున్నాను. ముప్పై ఒకటిని ముప్పై చేశాను. మిషను నోరు మూసుకుంది.

సెప్టెంబరు చివర్లో ఫొటోలతో గుర్తింపు కార్డులు వచ్చాయి. అందరూ మెడలో వేసుకున్నారు. ఆయన కార్డు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చి, "ఈ దినం ఎవురు పుట్టినారమ్మా?" అని అడిగారు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగారు. మిషను తీసుకోలేదు సార్, అందుకని ఒక్కరోజు తగ్గించానని నసిగాను. ఆయన కార్డును నా బల్ల మీద బోర్లా పెట్టి వెళ్ళిపోయారు. మెడలో వేసుకోలేదు.

కార్డు ఎందుకు వేసుకోలేదని ఆరా తీస్తే సంగతి పర్సనెల్ మేనేజరు దాకా పోయింది. హైదరాబాదు నుంచి కొత్తగా వచ్చిన కుర్ర మేనేజరు. చెడ్డవాడు కాదు. ఫైలు పట్టుకుని నన్నూ రమ్మన్నాడు. సర్టిఫికెట్టు చూసి అతని ముఖం మారిపోయింది. ఏ స్కూలూ ఇలాంటి తేదీ ఇవ్వదు, కాబట్టి ఇది దొంగ సర్టిఫికెట్టు అయి ఉండాలి అన్నాడు. ఆ మాట ఆయన ముందే అన్నాడు. మూడు దశాబ్దాలు పక్కవాడి హాజరు కూడా చూడకుండా వేయని మనిషిని పట్టుకుని. నేను కుర్చీ అంచు పట్టుకున్నాను.

తర్వాత అతనే తగ్గాడు. "ఇది సింపుల్ మేటర్ సార్. జూన్ థర్టీ అని ఒక అఫిడవిట్ మీద సైన్ చేయండి, క్లోజ్ చేసేద్దాం. ఇంకా ఎనిమిది నెలల సర్వీసేగా" అన్నాడు.

ఆయన తల అడ్డంగా ఊపారు. మేనేజరు విసుగ్గా, అసలు ఈ తేదీ రాసిందెవరు అని అడిగాడు.

"నేనే సార్" అన్నారు ఆయన. "నన్ను గుంతకల్లు స్టేషన్లో ఎత్తుకొచ్చి హాస్టల్లో ఏసినారు. నోట్లో పండ్లు చూసి నాలుగేండ్లు ఉంటాయన్నారు, సంవత్సరం అట్ల వచ్చిండాది. దినం ఎవురికీ తెల్దు. తెలియనోళ్ళకంతా అక్కడ జూన్ ఒకటే. పరీక్ష ఫారం నా చేతికే ఇచ్చి నింపమన్నారు. నేను పుట్టిన దినమని ఇంకొక దినాన్ని ఎట్ల రాసేది? తెలీదని రాసేదానికి ఆ కాయితంలో గడి లేదు సార్. అందుకని రాని దినం రాసినా."

హెడ్మాస్టరు ఆ ఫారం చూసి, ఈయన ముఖం చూసి, ఏమీ అనకుండా సంతకం పెట్టారట. పై ఆఫీసులో ఎవరూ చూసుకోలేదు.

ఊళ్ళో అందరి పుట్టిన వారాలూ చెప్పే మనిషికి తన వారం లేదు. రెండేళ్ళు ఎదురుగా కూర్చుని నేను ఆ సంగతి కనిపెట్టలేదు. పైగా ఆయన పదహారేళ్ళ వయసులో రాయనన్న అబద్ధాన్ని నేను అరనిమిషంలో ఆయన మెడకు తగిలించాను.

మేనేజరు గొంతు మెత్తబడింది. కానీ సిస్టమ్‌కు తేదీ కావాలన్నాడు. ఆ హాస్టలుకు ఉత్తరం రాయిస్తానని, పాత పుస్తకాల్లో ఏమైనా దొరికితే సంతోషమని, అందాకా అఫిడవిట్ తప్పదని చెప్పాడు. "ప్రమాణం చేసి చెప్పమంటే తెలీదని చెప్తా సార్. అది రాయించండి, సంతకం పెడతా" అన్నారు ఆయన. అలాంటి అఫిడవిట్ పనికిరాదన్నాడు. మూడో రోజు ఆయన రాజీనామా ఇచ్చేశారు.

వెళ్ళే రోజు సాయంత్రం, కంపెనీ బస్సు హారను కొడుతుంటే, టిఫిను క్యారియరు చేత్తో పట్టుకుని నా దగ్గరికొచ్చారు. కోపంగా లేరు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. "ఆ ముప్పై తీసేయి తల్లీ. నేను పోయినంక గూడా మిషన్లో అది ఉండగూడదు" అన్నారు. ఆయన ఎదుటే మిషన్లో ఆయన వివరాలు తెరిచి ముప్పై తీసేశాను. గడి ఖాళీగా ఉంటే మిషను ఒప్పుకోలేదు, మళ్ళీ కీచుమంది. బస్సు రెండోసారి హారను కొట్టింది. ఆయన తెర వైపు రాలేదు, బల్లకు ఇవతలే నిలబడ్డారు. తెర మూలన ఆ రోజు తేదీ కనిపిస్తోంది, అక్టోబరు పదకొండు. చెయ్యి దాన్నే కొట్టేసింది. 11-10-1942. మిషను ఊరుకుంది.

"తీసేసినావా?" అన్నారు. "తీసేశాను సార్" అన్నాను. మాట వరకూ అది నిజమే, ముప్పై తీసేశాను. ఆయన నా తల మీద చేయిపెట్టి, చల్లగా ఉండమని చెప్పి బస్సెక్కారు. మర్నాడు ఎలాగైనా ఆ గడి సంగతి తేల్చాలనుకున్నాను. మర్నాడు వేరే పని వచ్చింది.

నెల తర్వాత హాస్టలుకు పంపిన ఉత్తరం అలాగే తిరిగొచ్చింది. ఆ హాస్టలు మూతపడి చాలా ఏళ్ళయిందని పోస్టుమాన్ కవరు మీద రాశాడు. కవరు ఫైల్లో పెట్టాను. ఆయనకు కబురు చేయలేదు. డిసెంబరులో నాకు వైట్‌ఫీల్డు వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగం దొరికింది, వెళ్ళిపోయాను. ఆయన ఇల్లు వర్తూరులోనని తెలుసు. నా ఆఫీసుకు అరగంట దూరం. ఆరేళ్ళకు పైగా ఒక్కసారి వెళ్ళలేదు. ఏం ముఖం పెట్టుకుని వెళ్ళను అని నాకు నేనే చెప్పుకున్నాను గానీ, బద్ధకం కూడా ఉంది.

రంగప్ప ఫోన్ చేశాక ఆ శనివారం వెళ్ళాను. ఒక గది, వంటిల్లు ఉన్న ఇల్లు. పిల్లలు లేరు. ఆయన భార్యను నేను అంతకుముందు చూడలేదు. నేను ఎవరో చెప్పగానే ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. తర్వాత నన్ను సమాధుల దొడ్డికి తీసుకెళ్ళింది. పచ్చిమట్టి మీద తెల్లరంగు వేసిన చెక్క సిలువ. దాని మీద నల్లటి అక్షరాలు. జననం 11-10-1942, ఆదివారం.

మొదట నాకు తట్టలేదు. ఎక్కడో చూసిన తేదీలా ఉందే అనుకున్నాను. అప్పుడు కళ్ళముందు ఆ తెర మూల కనిపించింది. పక్క సమాధి గట్టు మీద కూర్చుండిపోయాను. ఎండకు అలసిపోయాననుకుని ఆవిడ కొంగుతో నాకు విసిరింది. విసురుతూనే చెప్పింది.

ఆయన మానేసిన రెండు మూడు నెలలకు ఫ్యాక్టరీ నుంచి పోస్టులో సర్వీసు సర్టిఫికెట్టు వచ్చిందట. అందులో పుట్టిన తేదీ ఉంది. ఆయన దాన్ని పట్టుకుని చాలాసేపు కూర్చున్నారట. తప్పు తేదీ తీసేశానని ఆ పిల్ల నా ఎదురుగా చెప్పింది, ఆ పిల్ల అబద్ధమాడదు, కాబట్టి ఇది హాస్టలు నుంచి వచ్చిన జవాబే, పాత పుస్తకం దొరికుంటుంది అన్నారట. తర్వాత కణుపుల మీద లెక్కపెట్టి, ఆదివారం అని తేలగానే వెక్కి వెక్కి ఏడ్చారట.

"మా చర్చిలో ఆ వారంలో పుట్టినరోజు వచ్చినోళ్ళని ముందరికి పిలిచి ప్రార్థన చేస్తారమ్మా" అంది ఆవిడ. "పెండ్లయిన కాన్నుంచి చూస్తాండా, ఎన్నడూ లేచినోడు కాదు. తల వంచుకోని కూర్చునేటోడు. ఆ యేడు అక్టోబరులో పిల్లోళ్ళ నడమ పోయి నిలబడినాడు. యాభై ఎనిమిదేండ్లకి. కొత్త చొక్కా కుట్టించుకోని. అప్పట్నుంచి ప్రతి యేడూ పోయినాడు. నీ పేరు చెప్పి కానుక ఏసేటోడు తల్లీ. దినం కనుక్కోని ఇచ్చింది నువ్వేనంటనే."

ఎవరూ కనుక్కోలేదమ్మా, ఏ పుస్తకమూ దొరకలేదు, బస్సు వెళ్ళిపోతుందని తొందరలో కొట్టిన తేదీ అది అని చెప్పాలి. ఆయన నా స్థానంలో ఉంటే చెప్పేసేవారు. ఉద్యోగం పోయినా ఒక తప్పుడు తేదీ కింద సంతకం పెట్టని మనిషి. చివరి ఆరేళ్ళూ నా తప్పుడు తేదీ పట్టుకుని చర్చిలో అందరి ముందూ నిలబడ్డారు, అదీ నా మాట నమ్మి. నేను నోరు విప్పితే ఆవిడకు ఆ ఆరేళ్ళ సంతోషం పోతుంది. విప్పకపోతే ఆయన బతుకంతా తోసిపుచ్చిన అబద్ధం ఆయన మీదే నిలుస్తుంది. ఆ గట్టు మీద నుంచి ఇంటికి నడిచేదాకా అందులోనే కొట్టుమిట్టాడాను. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాను.

ఇంట్లో ఆవిడ బైబిల్లోంచి ఒక తెల్లకాగితం తీసి నా ముందు పెట్టింది. చెక్క సిలువ వానకు నిలవదని, నలభయ్యో దినానికి రాయి వేయిస్తున్నామని చెప్పింది. రాయి చెక్కేవాడికి అక్షరాలు రాసివ్వాలట. తనకు రాయడం రాదు. "ఎవుర్నో అడిగేదానికంటే నువ్వే వచ్చినావు కదా" అంది.

పెన్ను తీసుకున్నాను. ఆయన పేరు రాశాను. మరణం తేదీ రాసి, పైన ఒక వరుస ఖాళీ వదిలి, కాగితం ఆవిడకు ఇచ్చాను. చదువు రాకపోయినా ఆవిడకు ఖాళీ తెలిసింది. "పుట్టిన దినం మర్చిపోతివే" అని కాగితం మళ్ళీ నా ముందు పెట్టింది. నేను ఆవిడ ముఖం చూశాను. చెప్పే ధైర్యం ఆ ముఖం ముందు నాకు చాలలేదు. పదకొండు, పది, పంతొమ్మిది వందల నలభై రెండు అని రాశాను. ఆదివారం అని కూడా రాయమంది. రాశాను.

ఆవిడ కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని ఆ వరుసను వేలితో ఒకసారి తడిమింది.

"సరిగా రాసినావా తల్లీ? రాయి మీద ఎక్కితే మళ్ళీ తుడిచేకి కాదు."

"సరిగానే రాశానమ్మా" అన్నాను.